రేవు యూనియన్ సార్

సోమవారం

భయం కాదు. అందరూ భయమే అనుకుంటారు. లోపల మాట బాగానే ఉంటుంది. పళ్ళ దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. ఈలోపు ఎదుటివాళ్ళు వేరే విషయంలోకి వెళ్ళిపోతారు. ఇంక ఆ మాటనేం చేసుకుంటా, మింగేస్తా.

ఫోన్‌లో ఈ గొడవ లేదు. నా నంబర్‌కి నేనే మెసేజ్ పెట్టుకుంటున్నా. పంపేది నేనే చదివేది నేనే. తప్పులు పడినా నవ్వేవాళ్ళు లేరు.

లాండ్రీలో నా పేరు సైలెన్సర్. పెట్టింది బాయిలర్ మావయ్య. చుట్టమేం కాదు, బాయిలర్ చూసుకుంటాడు, అందరికీ మావయ్యే.

ఇవాళ అమ్మ మేనేజర్ గదికి వెళ్ళింది. దుప్పట్ల మూట మోస్తున్నట్టు నటిస్తూ నేనూ తలుపు దాకా వెళ్ళా. అమ్మ చెప్పింది, "బాబూ, రోలర్ ముందు కడ్డీకి చెయ్యి తగిలితే రోలర్ ఆగాలి. దుప్పటి అంచు తగిలినా ఆగిపోతోందని మీరు దానికి తీగ చుట్టి కట్టేశారు. మా వేళ్ళు దుప్పటి అంచులు కావు కదా."

మేనేజర్ తలెత్తలేదు. "జాగ్రత్తగా పెట్టేవాళ్ళకి కడ్డీ ఎందుకమ్మా? కష్టంగా ఉంటే గేటు తీసే ఉంది."

అమ్మ బయటికొచ్చి నన్ను చూసి "మూట దించరా, మెడ విరుగుతుంది" అంది. అంతే.

అమ్మ రోలర్‌కి ఎడమ వైపు, పొడుగక్క కుడి వైపు. దుప్పటి చెరో మూల పట్టుకుని వేడి రోలర్ మూతికి అందిస్తారు. పొడుగక్క "ఊ" అంటుంది. ఊ అనగానే ఇద్దరూ ఒకేసారి వదిలేయాలి, చేతులు వెనక్కి. కడ్డీ లేదు కాబట్టి ఊ ఉంది. అవతలి వైపు కాలుతూ వచ్చిన దుప్పటి నేను మడతపెడతా. రోజంతా ఊ ఊ ఊ. అమ్మ నిద్రలో కూడా ఊ అంటుంది.

మంగళవారం

మావయ్య నన్ను బాయిలర్ వెనక్కి పిలిచాడు. "ఒరే సైలెన్సర్. మీ అమ్మ అడిగితే గేటు చూపించాడు. అదే రేవు యూనియన్ అడిగితే కుర్చీ చూపిస్తాడు. తెలుసా?"

తెలుసు. రేవు యూనియన్ వాళ్ళు ఓడల్లో సరుకు దించేవాళ్ళు. వాళ్ళు చెయ్యి ఎత్తితే రేవు మొత్తం ఆగుతుంది. మా లాండ్రీకి సగం దుప్పట్లు ఓడల నుంచే వస్తాయి. మిగతావి ఆస్పత్రివి.

మావయ్య ఒక పాత సిమ్ ఇచ్చాడు. "నీ ఫోన్‌లో వెయ్యి. రేవు యూనియన్ అని పెట్టు. నేను చెప్తా, నువ్వు కొట్టు. నా వేలు ఒకటి నొక్కితే మూడు పడతాయి."

వాళ్ళనే నిజంగా అడగొచ్చు కదా అని ఫోన్‌లో కొట్టి చూపించా.

చదివి నవ్వాడు. "వాళ్ళు ఓడలు దించేవాళ్ళురా. దుప్పట్లు మడతపెట్టేవాళ్ళ కోసం వస్తారా? పేరు చాలు. వాడుకుంటే పేరేమైనా అరుగుతుందా?"

అరగదు. సబ్బు కాదు కదా.

బుధవారం

బస్టాప్ గోడ మీద వాళ్ళ బొమ్మ ఉంది, లంగరు పట్టుకున్న పిడికిలి. లంగరుకి ఎవడో మీసం గీశాడు. మీసం కనపడకుండా కత్తిరించి ఆ సిమ్ నంబర్‌కి ఫోటోగా పెట్టా.

మావయ్య చెప్పింది ఇది. మీ పనివాళ్ళు ఇప్పుడు మా మనుషులు, కడ్డీకి కట్టిన తీగ తీయండి, లేకపోతే మీ బండి రేవు గేటు దాటదు. "ఇది ఆఖరి మాట" అని నేనే కలిపా. మావయ్య నా వైపు వింతగా చూశాడు. "ఓర్నీ, సైలెన్సర్‌లో ఇంత సౌండ్ ఉందా?"

మధ్యాహ్నం మేనేజర్ జవాబు. సరే సార్. చూస్తాం సార్.

రెండుసార్లు సార్ అన్నాడు. నన్ను.

శుక్రవారం

తీగ తీసేశారు. కడ్డీ పక్కన ఆకుపచ్చ బల్బు కూడా వెలిగింది. అక్కడ బల్బు ఉందని కూడా ఎవరికీ తెలీదు, అంత మసి.

పొడుగక్క మోచేత్తో కడ్డీని నెట్టింది. రోలర్ ఆగింది. మళ్ళీ నెట్టింది. మళ్ళీ ఆగింది. "నా మొగుడు కూడా ఇంత మాట వినడే" అంది. అమ్మ నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నేనెప్పుడు చూశానో గుర్తులేనంత నవ్వు.

ఎవరు చేయించారని అందరూ అడిగారు. మావయ్య గొంతు తగ్గించి "రేవు యూనియన్" అన్నాడు. నంబర్ ఇమ్మన్నారు. ఇచ్చేశాడు. అమ్మకి కూడా.

అందరికీ ఇస్తాడని నాకు చెప్పలేదు.

ఆదివారం

మాది ఒక్కటే గది. మధ్యలో తెర. అవతల అమ్మ, ఇవతల నేను.

సాయంత్రం అమ్మ ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. అమ్మ ఆగగానే నా జేబులో ఫోన్ వణికింది.

చెవి దగ్గర పెట్టుకుని విన్నా. "నమస్కారం సార్. నేను లాండ్రీలో రోలర్ దగ్గర ఎడమ వైపు మనిషిని. నాకు రాయడం రాదు, అందుకే మాట్లాడుతున్నా. మీకు చాలా థాంక్స్ సార్. ఇంకొకటి సార్, మా అబ్బాయి కూడా అక్కడే చేస్తాడు. మంచివాడు. నోట్లోంచి మాట రాదు, అందరూ ఆట పట్టిస్తారు. నేను లేకపోతే వాడినెవరు చూస్తారా అని ఉంటుంది సార్. వాడిని కూడా మీ యూనియన్‌లో ఒక మనిషి కింద లెక్కేసుకోండి."

జవాబు పెట్టా. మీ అబ్బాయి గురించి బెంగ పడకండి అమ్మా, మేమున్నాం.

అవతల టింగుమంది. "ఒరే, సార్ ఏదో రాశారురా. రా, చదివిపెట్టు."

వెళ్ళా. అమ్మ ఫోన్ పట్టుకుని చదివా. నేను రాసింది నేనే. ఒక్కచోట కూడా ఆగలేదు.

అమ్మ నన్నే చూస్తోంది. "చదివేటప్పుడు నీ గొంతు ఎంత బాగుందిరా" అంది.

బుధవారం

తాగే నీళ్ళు రోలర్ దగ్గరికి వచ్చాయి. పొడుగక్కకి మోకాళ్ళ నొప్పి అని స్టూల్ అడిగా, అదీ వచ్చింది. ఇప్పుడు మావయ్యని అడగకుండానే పెడుతున్నా. మావయ్య చెప్పి కొట్టిస్తే అంత బాగా రాదు.

అమ్మ రోజూ ఏదో ఒకటి చెప్తుంది సార్‌కి. పని సంగతులు, కొన్ని ఇంటి సంగతులు. నాన్న వెళ్ళిపోయిన సంగతి కూడా. నాకెప్పుడూ చెప్పలేదు అది. సార్‌కి చెప్పింది.

ఇందులో తప్పేముంది? ఎవరికీ నష్టం లేదు.

ఊ అనడం మానేశారు. కడ్డీ ఉంది కదా, ఇంకెందుకు. ఊ కోసం ఆగకపోతే దుప్పట్లు గబగబా పడతాయి. చేతులు మూతి దాకా పోనిస్తున్నారు. ఊ లేకపోతే అంతా వింతగా ఉంది, ఎవరో మనిషి పని మానేసినట్టు.

శుక్రవారం

మేనేజర్ మెసేజ్. సార్ ఒకసారి రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం.

రేవులో పని ఎక్కువగా ఉందని పెట్టా.

అయితే మీ ఆఫీసుకి నేనే వస్తా సార్.

మావయ్యకి చూపించా. "వెళ్ళడులే. వాడికి రేవు పేరు చెప్తేనే చెమట" అన్నాడు. కానీ బొగ్గు పార తలకిందులుగా పట్టుకుని ఉన్నాడు.

సోమవారం

మెసేజ్ వచ్చింది. ఎవరు మీరు. అంతే. సార్ లేదు.

మంగళవారం

అమ్మ చెయ్యి

బుధవారం

ఆస్పత్రిలో ఉన్నాం. ఎడమ చెయ్యి. బొటనవేలు బాగానే ఉందన్నారు. మిగతా వాటి గురించి అడిగితే డాక్టర్ పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

అమ్మ కింద దుప్పటి మూల మీద మా లాండ్రీ గుర్తుంది. నేనే మడతపెట్టి ఉంటా.

ఎలా జరిగిందని పొడుగక్క అందరికీ చెప్తోంది. కడ్డీకి చెయ్యి తగిలినా రోలర్ ఆగలేదు. బల్బు ఆరిపోయి ఉందని తర్వాత చూశారు. లోపల వైరు పీకేశారు. తీగ కట్టినట్టు బయటికి కనపడకుండా.

నేను అవతలి వైపున్నా. అవతలి వైపు నుంచి బల్బు కనపడదు. ఆవిరి ఉంటుంది.

గురువారం

మావయ్య పనికి రావడం లేదు. ఫోన్ ఆపేశాడు. ఇంటికి వెళ్తే వాళ్ళావిడ తలుపు సగం తీసి "ఊరెళ్ళాడు" అంది. లోపల ఆయన దగ్గు వినపడుతోంది.

మేనేజర్ మా ఇంటికొచ్చాడు. ఆస్పత్రి నుంచి అమ్మని పంపేసి కొంచెంసేపే అయింది. చెప్పులతోనే గదిలోకి వచ్చి నిలబడ్డాడు. ఒక కాగితం తెచ్చాడు. నా అజాగ్రత్త వల్లే ఇలా జరిగింది అని అమ్మ ఒప్పుకున్నట్టు దాని మీద ఉందట. వేలిముద్ర వేస్తే కూర్చుని చేసే పని ఇస్తారు. వెయ్యకపోతే అమ్మకీ నాకూ పని లేదు.

అమ్మ అంది, "మా యూనియన్ సార్‌ని అడిగి చెప్తానండి."

"ఏ యూనియన్ అమ్మా? రేవు వాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళొచ్చా. మీరెవరో తెలీదన్నారు. రాసి కూడా ఇచ్చారు."

"మీరలాగే అంటారు బాబూ. ఆయన మా వాడి గురించి కూడా అడుగుతారు. రోజూ మాట్లాడతారు నాతో."

మేనేజర్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. జాలిగా చూశాడు అమ్మని. "ఆదివారం పొద్దున వస్తా. ఆలోచించుకోండి" అని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళగానే అమ్మ కుడి చేత్తో ఫోన్ తీసుకుంది. నా జేబు వణికింది.

వినలేదు.

శుక్రవారం

కనపడింది.

ఆవిరి రోజూ ఉంటుంది. ఆవిరిలోంచి కూడా ఆకుపచ్చ కనపడుతుంది. ఆ రోజు పొద్దున్నే చూశా, ఆకుపచ్చ లేదు. అమ్మ చేతులు మూతి దాకా వెళ్తున్నాయి.

అమ్మా అంటే చాలు. ఊ అన్నా చాలు. ఊ వింటే వాళ్ళ చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేస్తాయి, అంత అలవాటు. ఒక్క అక్షరం.

ఫోన్ తీశా. బల్బు ఆరిపోయింది వెంటనే రోలర్ ఆపండి అని మేనేజర్‌కి కొడుతున్నా. సార్ లాగా. ఆపండి అనే మాట సరిగ్గా పడలేదు, చెరిపి మళ్ళీ కొట్టా.

అప్పుడు పొడుగక్క అరిచింది.

ఆ మెసేజ్ ఇంకా అలాగే ఉంది. పంపలేదు.

శనివారం

అమ్మ గొంతు విన్నా. మొన్నటిది. "సార్, వేలిముద్ర వెయ్యమంటున్నారు. లోపల వైరు పీకేశారు సార్, అది నా అజాగ్రత్త కాదు, మీకు తెలుసు కదా. వెయ్యనా వద్దా? మీరేం చెప్తే అదే."

రేవుకి వెళ్ళా.

యూనియన్ ఆఫీసు అంటే పెద్దది అనుకున్నా. సరుకు గోదాముల మధ్య ఒక గది. గోడ మీద అదే పిడికిలి, మీసం లేకుండా. నలుగురు పేకాడుతున్నారు. చివర బల్ల దగ్గర ఒక పెద్దాయన సూదీ దారంతో చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. పైన బనీను మాత్రమే ఉంది.

"ఏం కావాలి బాబూ?"

మాట పళ్ళ దాకా వచ్చింది.

"మూగవాడా?" అని పేకాడేవాళ్ళలో ఒకడు.

"నీ నోటికంటే నయంలే, ఆట చూసుకో" అన్నాడు పెద్దాయన.

ఫోన్ తీసి ఆ నంబర్ మెసేజ్‌లు తెరిచి ఇచ్చా. మొత్తం. మేనేజర్‌వి, అమ్మవి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి చదివాడు. అమ్మ గొంతులు కూడా చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పేకాట ఆగిపోయింది. నేను గోడ మీద పిడికిలినే చూస్తూ ఉన్నా.

"నువ్వేనా సార్‌వి?"

తలూపా.

"ఎన్నేళ్ళురా నీకు?" అని, జవాబు కోసం చూడకుండా కళ్ళజోడు తీసేశాడు. "నేను రేవులో చేరిన కొత్తలో కంపెనీవాళ్ళే మా పేరుతో దొంగ యూనియన్ పెట్టారు. సమ్మె అయిపోయింది, పనిలోకి రండి అని మా పేరుతోనే చాటించారు. మా వాళ్ళు నిజమనుకుని వెళ్ళిపోయారు. ఆ దెబ్బ నుంచి లేవడానికి సగం జీవితం పట్టింది. అందుకే మా పేరు ఎవరు వాడినా మా వాళ్ళు కాదని రాసి ఇచ్చేస్తాం. ఎవరు, ఎందుకు అని అడగం. మాకున్నది ఆ పేరొక్కటే. మీ మేనేజర్ వచ్చాడు. రాసిచ్చింది నేనే."

గుండీ వేళ్ళ మధ్య తిప్పుతూ ఉన్నాడు.

"ఎప్పుడు పీకాడు వైరు?"

ఫోన్‌లో కొట్టి చూపించా. మీరు రాసిచ్చాక.

ఆయన సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టేశాడు.

"నువ్వు ముందే నీ పేరుతో వచ్చుంటే..." అని ఆపేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "దుప్పట్లు మడతపెట్టేవాళ్ళ కోసం మేం రామని అనుకున్నారు, అంతేనా? వచ్చేవాళ్ళం. ఆ దుప్పట్ల మీద పడుకునేది మేమే, ఓడల్లో."

ఇప్పుడు రండి అని కొట్టా.

"నోటితో అడుగు."

అడగలేకపోయా. పెదాలు కదిలాయి. ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

"సరే. విను. మీ అమ్మ అడిగితే వస్తా. సార్‌ని కాదు, నన్ను అడగాలి. వేలిముద్ర వెయ్యకముందే రావాలి, వేశాక నేను కూడా ఏం చెయ్యలేను. కానీ ముందు ఆమెకి నిజం తెలియాలి. నువ్వే సార్ అని తెలియాలి. లేకపోతే మీ మేనేజర్ ఎలాగో కనిపెట్టి ఆమె ముందే ఆ సంగతి బయటపెడతాడు, అప్పుడు ఆమె నన్నూ నమ్మదు, నిన్నూ నమ్మదు. చెప్తావా?"

తలూపా.

"తలూపడం కాదురా నాయనా. ఆమెకి చెప్పాలి."

శనివారం సాయంత్రం

అమ్మ తెర అవతల పడుకుంది. చేతి కట్టు దిండు మీద పెట్టుకుంది. రేపు పొద్దున మేనేజర్ వస్తాడు.

వచ్చినప్పటి నుంచి తెర దగ్గరికి వెళ్ళి వస్తున్నా. ఒకసారి "ఏంట్రా?" అంది. నీళ్ళు ఇచ్చి వచ్చేశా.

ఇందాక అమ్మ తనలో తను అనుకుంటోంది, "చూశారు. రెండు గీతలూ నీలంగా అయ్యాయి. సార్ విన్నారు." ఆ గొంతులో ఎంత నమ్మకమో.

నా గొంతుతో చెప్తే రాదు. అందుకే ఆ నంబర్ నుంచే కొట్టా. అమ్మా, వేలిముద్ర వెయ్యొద్దు. రేపు తెల్లారగానే రేవు ఆఫీసుకి వెళ్ళండి, అక్కడ కళ్ళజోడు పెద్దాయన ఉంటారు, మీ పేరు మీరే చెప్పి ఆయన్ని అడగండి. ఇన్నాళ్ళూ మీతో మాట్లాడింది రేవు యూనియన్ కాదు. బల్బు ఆరిపోవడం నేను చూశా. అరవలేదు. సార్ ఎవరూ లేరు అమ్మా, నేను మీ

అక్కడ ఆగిపోయా. తర్వాత అబ్బాయిని అని కొట్టాలి. కొట్టలేదు. అలాగే పంపేశా.

టింగుమంది అవతల.

"ఒరే, సార్ పెట్టారురా. చూడు, ఎంత పెద్దది పెట్టారో. రా నాన్నా, చదివిపెట్టు."

పిలుస్తూనే ఉంది. దీపం వేసింది, తెర మీద అమ్మ నీడ పడింది, కుడి చేత్తో ఫోన్ ఇటు చాపి పట్టుకుంది.

వెళ్ళాలి. చదవడం నాకు వచ్చు, రాసింది చదివితే ఎక్కడా ఆగను. కానీ నేను మీ అన్న చోట రాసింది అయిపోతుంది. ఆ తర్వాతి మాట ఫోన్‌లో లేదు. అది చూసి చదవడానికి ఉండదు.

ఇది చదివేది నేనే అని తెలుసు. అయినా అడుగుతున్నా. నువ్వైతే అక్కడ ఆగిపోతావా, ఆ ఒక్క మాటా పలుకుతావా?